తక్కువ కార్బన్ హైడ్రోజన్: ప్లాన్లు బోలెడు, కొనేవాళ్లేరి?

చదువరి24:

అందరికీ నమస్కారం. వచ్చే వారం ఆఫీసులో ఒక ప్రెజెంటేషన్ ఇవ్వాలి. తక్కువ కార్బన్ హైడ్రోజన్ తయారీ, వాడకం మీద ప్రభుత్వాలు ఏం ప్లాన్లు వేశాయన్నది నాకిచ్చిన టాపిక్. నాది కామర్స్, కెమిస్ట్రీతో తెగతెంపులై పదిహేనేళ్లయింది. నాలుగు రోజులుగా బ్రిటన్, యూరోపియన్ యూనియన్, అమెరికా, జపాన్, భారత్ డాక్యుమెంట్లు ముందేసుకుని కూర్చున్నాను, చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోందే గానీ సంగతి తలకెక్కడం లేదు.

మొదటి తిప్పలు పేరుతోనే. ఒకరు గ్రీన్ అంటారు, ఒకరు బ్లూ అంటారు, బ్రిటన్ వాళ్లేమో రంగుల గొడవ లేకుండా ‘తక్కువ కార్బన్’ అని ఊరుకున్నారు. తక్కువ అంటే ఎంత తక్కువ? దేంతో పోలిస్తే?

తర్వాత అంకెలు. బ్రిటన్ 2021 ఆగస్టులో 2030 నాటికి 5 గిగావాట్లు అంది, తొమ్మిది నెలలు నిండకుండానే 2022 ఏప్రిల్‌లో దాన్ని 10 చేసేసింది. యూరప్ 2022లో ఏడాదికి కోటి టన్నులు సొంతంగా చేస్తాం, ఇంకో కోటి దిగుమతి చేసుకుంటాం, అదీ 2030కే అంది. భారత్ 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో మిషన్ పెట్టి 2030కి ఏడాదికి 50 లక్షల టన్నులు అంది. ఒకరు గిగావాట్లు, ఒకరు టన్నులు, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేదెలా?

ఇక వాడకం దగ్గరికొస్తే ఎరువులు, రిఫైనరీలు, ఉక్కు, ఓడలు, లారీలు, విమానాలు, ఇళ్లలో హీటింగ్, కరెంటు నిల్వ, అన్నీ ఉన్నాయి. ఒక్క సరుకు ఇన్ని పనులకు పనికొస్తుందా, లేక అడిగినవాళ్లందరి పేర్లూ లిస్టులో రాసేశారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. లింకులు వద్దు, లింకులు నా దగ్గరే నలభై ఉన్నాయి.

రిఫార్మర్‌మామ:

చదువరి గారూ, ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. హైడ్రోజన్ కొత్త సరుకు కాదు. ప్రపంచం ఇప్పటికే ఏడాదికి 10 కోట్ల టన్నులకు కాస్త అటూ ఇటూగా వాడుతోంది, అందులో మీ ‘తక్కువ కార్బన్’ది నూటికి ఒక వంతు కూడా లేదు. మిగతాదంతా సహజవాయువు నుంచో బొగ్గు నుంచో తీస్తున్నదే. వాడేది కూడా లారీలు కాదు, రిఫైనరీలు, అమ్మోనియా, మిథనాల్ ప్లాంట్లు.

నేను అమ్మోనియా ప్లాంటులో ఇరవై రెండేళ్లు షిఫ్టులు చేశాను. రిఫార్మర్ అంటే పెద్ద ఫర్నేస్, లోపల వందల ట్యూబులు నిలువుగా వేలాడుతుంటాయి, వాటి నిండా నికెల్ కేటలిస్ట్, అంటే రియాక్షన్‌ను నడిపించే పదార్థం. ట్యూబు లోపల గ్యాస్, ఆవిరి వెళ్తుంటాయి, అవి కలిసే హైడ్రోజన్ తయారవుతుంది, బయట బర్నర్ల మంట. రౌండ్స్‌కి వెళ్లినప్పుడు పీప్ హోల్ మూత పక్కకు జరిపి, మొహం మాడకుండా ఓరగా చూస్తే ట్యూబులన్నీ ఒకే నారింజ రంగులో వరసగా కనిపించాలి. ఏదైనా ఒకదాని మీద తెల్లటి మచ్చో పట్టీయో కనిపించిందంటే అక్కడ కేటలిస్ట్ దెబ్బతిందన్నమాట, ఇక ఆ రాత్రి షిఫ్టులో టీ కూడా దక్కదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కార్బన్ డయాక్సైడ్ ఇక్కడ రెండు దార్లలో బయటికొస్తుంది. ట్యూబుల లోపల జరిగే రియాక్షన్ నుంచి వచ్చేది ఒకటి, బయట బర్నర్లలో కాల్చిన గ్యాస్ పొగలో పోయేది ఇంకొకటి. మొత్తం కలిపి కిలో హైడ్రోజన్‌కు 9, 10 కిలోలు. మొదటి దారిలోది చిక్కగా ఉంటుంది, అమ్మోనియా ప్లాంటులో దాన్ని ఎలాగూ విడదీయాల్సిందే, లేకపోతే ఆ తర్వాతి దశలో ఉన్న కేటలిస్ట్ చస్తుంది. రెండోది చిమ్నీలో నైట్రోజన్‌తో కలిసి పల్చబడి పోతుంది, దాన్ని పట్టాలంటే విడిగా పెద్ద యూనిట్ కట్టాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఎవరైనా ‘మాది బ్లూ హైడ్రోజన్, కార్బన్ పట్టేస్తున్నాం’ అంటే వెంటనే అడగాల్సింది, ఏ దారిలోది పడుతున్నారు? మొదటిది మాత్రమే పడితే దాదాపు అరవై శాతం దగ్గర ఆగిపోతుంది. కొత్త ప్లాన్లలో ఆటోథర్మల్ రిఫార్మర్లు ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే, అందులో ఆక్సిజన్‌ను లోపలికే పంపి అక్కడే మండిస్తారు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ చాలావరకు ఒకే దారిలో వస్తుంది, తొంభై శాతం పైన పట్టొచ్చు.

పట్టినదాన్ని భూమిలోకి పంపి దాచాలి, అది వేరే కథ. బావి దగ్గర్నుంచి ప్లాంటు దాకా దారిలో లీకయ్యే మీథేన్ ఇంకో కథ, సహజవాయువులో ఎక్కువ భాగం అదే, గాలిలో చేరితే వేడిని బాగా పట్టేస్తుంది. బ్రిటన్ దగ్గర ఉత్తర సముద్రంలో ఖాళీ అయిన గ్యాస్ పొరలున్నాయి, దాచడానికి చోటుంది. అందుకే వాళ్లు రంగు చూడం, కార్బన్ ఎంతో చెప్పండి అన్నారు. భారత్ మిషన్ పేరులోనే గ్రీన్ ఉంది, అంటే ఎండ, గాలి లాంటి వాటి కరెంటుతో నీటిని విడగొట్టి చేసేది, ఎందుకంటే ఇక్కడ ఎండ ఉంది, గ్యాస్‌లో చాలా భాగం దిగుమతే. పేర్ల వెనక సిద్ధాంతం కన్నా ఎవరి కాళ్ల కింద ఏముందన్నదే ఎక్కువ.

లెక్కలరాయుడు:

మామ గారు బాగా చెప్పారు. ‘ఎంత తక్కువ’ అన్నదానికి నేను అంకెలిస్తాను.

కిలో హైడ్రోజన్ తయారీకి ఎంత కార్బన్ డయాక్సైడ్ వరకు ఒప్పుకుంటారు అన్నది హద్దు. భారత్ 2023 ఆగస్టులో పెట్టిన హద్దు 2 కిలోలు, పన్నెండు నెలల సగటు మీద. బ్రిటన్‌ది మెగాజౌల్ శక్తికి 20 గ్రాములని రాశారు, కిలోకు మారిస్తే 2.4 కిలోలు. యూరప్‌ది, జపాన్‌ది దాదాపు 3.4. అమెరికాలో 2022 చట్టం ప్రకారం 4 కిలోల కింద ఉంటే ఎంతో కొంత పన్ను రాయితీ వస్తుంది, కానీ కిలోకు 3 డాలర్ల పూర్తి రాయితీ కావాలంటే 0.45 కిలో కిందికి రావాలి. అంటే ఒకే సిలిండర్ ఒకచోట ఫస్ట్ క్లాస్‌లో పాసై ఇంకోచోట ఫెయిలవుతుంది. పైగా అందరూ ఒకే చోట గీత గీయలేదు. భారత్, బ్రిటన్ ప్లాంటు గేటు దగ్గర లెక్క ఆపేస్తాయి, యూరప్ తన గ్రీన్ సరుకుకు వాడేవాడి చేతికి చేరేదాకా రవాణా కూడా కలుపుతుంది. మీ స్లైడులో ఈ అంకెల్ని ఒకే టేబుల్‌లో పెట్టేసి కింద నోట్ రాయకపోతే ఎవడో ఒకడు పట్టుకుంటాడు.

ఇప్పుడు కరెంటుతో చేసే హైడ్రోజన్. నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్‌కు కిలోకు 50 నుంచి 55 యూనిట్లు పడతాయి. థియరీ ప్రకారమే 39.4 యూనిట్లు తప్పవు, కాబట్టి రేపెవరో కొత్త మెషీన్ కనిపెట్టి ఇరవైకి దించేస్తారన్న ఆశ వద్దు. ఆ కరెంటు బొగ్గుదైతే యూనిట్‌కు 0.9 కిలో కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి, 55 యూనిట్లకు దాదాపు 50 కిలోలు. మామ గారి పాత రిఫార్మర్ కన్నా అయిదు రెట్లు మురికి! భారత్ హద్దు 2 కిలోల్లో ఇమడాలంటే కరెంటు యూనిట్‌కు 36 గ్రాములు దాటకూడదు.

అందుకే అసలు గొడవంతా కరెంటు ఎక్కడిదన్న దాని మీద. మధ్యాహ్నం సోలార్ కొన్నట్టు కాగితం చూపించి రాత్రంతా గ్రిడ్ కరెంటుతో మెషీన్ తిప్పితే? యూరప్ దీనికి 2023లో రూల్ పెట్టింది, 2029 చివరిదాకా నెలవారీగా లెక్క సరిపోతే చాలు, 2030 నుంచి గంట గంటకీ సరిపోవాలి. అమెరికా కూడా గంట లెక్కకు 2030నే పెట్టుకుంది. బ్రిటన్‌లో అరగంట లెక్క. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ ప్లాంటు బతుకు దీనిమీదే. గంట లెక్కంటే ఎండ లేనప్పుడు మెషీన్ ఆగాలి, మెషీన్ ఆగితే దానిమీద పెట్టిన డబ్బు తక్కువ కిలోల మీద పడుతుంది, కిలో ధర లేస్తుంది.

గిగావాట్లకీ టన్నులకీ లంకె: ఒక గిగావాట్ ఎలక్ట్రోలైజర్ ఏడాదంతా ఆగకుండా తిరిగితే దాదాపు లక్షా అరవై వేల టన్నులు. సగం సేపే తిరిగితే ఎనభై వేలు. భారత్ 50 లక్షల టన్నులకు కిలోకు 55 చొప్పున 27,500 కోట్ల యూనిట్లు కావాలి. సోలార్ ప్లాంటు ఏడాదిలో నాలుగో వంతు సేపు పూర్తి సామర్థ్యంతో పనిచేసినట్టు వేసుకుంటే 125 గిగావాట్లు. మిషన్ పత్రంలో రాసిన కొత్త పునరుత్పాదక సామర్థ్యం కూడా 125 గిగావాట్లే, చేతిలెక్క కలిసింది. బ్రిటన్ 10 గిగావాట్లలో మాత్రం కనీసం సగమే కరెంటుతో చేసేది, మిగతాది గ్యాస్‌తో, కాబట్టి దాన్ని నేరుగా ఈ లెక్కలో పెట్టకండి. ఇంకో జాగ్రత్త, డాక్యుమెంట్లో ‘గిగావాట్’ అంటే లోపలికి వెళ్లే కరెంటా, బయటికొచ్చే హైడ్రోజనా అని చూసుకోండి. రెండింటికీ మధ్య ఒకటికి ఒకటిన్నర దగ్గర తేడా ఉంటుంది.

గోడమీదపిల్లి:

ఇంత లెక్క ఎందుకండీ, సింపుల్‌గా చెప్తా. కరెంటు ఉన్నచోట కరెంటే వాడుకోవాలి. వంద యూనిట్ల కరెంటు హీట్ పంపుకిస్తే మూడొందల యూనిట్ల వేడి వస్తుంది, ఎందుకంటే అది బయటి గాలిలో వేడిని లోపలికి తోడుతుంది. అదే వందతో హైడ్రోజన్ చేసి, పైపులో పంపి, బాయిలర్లో కాలిస్తే అరవై వస్తే గొప్ప. అయిదో వంతు! దీనికోసం ఊళ్లకు ఊళ్లు పైపులు మార్చాలట.

బ్రిటన్‌లో అదే చేయబోయారు. విట్బీ అనే చోట ఇళ్లకు గ్యాస్ బదులు హైడ్రోజన్ ఇచ్చి చూద్దామనుకున్నారు, ‘మా ఇళ్లమీద ప్రయోగాలేంటి’ అని జనం ఎదురుతిరిగారు, 2023 జులైలో ఎత్తేశారు. సరే రెడ్‌కార్ అన్నారు, ఆ డిసెంబరులో అదీ పోయింది, ఇంతకీ కారణమేంటంటే ఇవ్వడానికి అక్కడ హైడ్రోజన్ లేదట! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ మధ్యలోనే, అక్టోబరులో, వాళ్ల జాతీయ మౌలిక సదుపాయాల కమిషన్ ఇళ్ల హీటింగ్‌కు హైడ్రోజన్‌ను ప్రోత్సహించొద్దని ప్రభుత్వానికి చెప్పేసింది.

ఇక మామూలు గ్యాస్‌లో 20 శాతం కలుపుతాం అనే ప్లాన్. ఘనపరిమాణంలో 20 శాతం. హైడ్రోజన్ పల్చటిది కదా, శక్తిలో చూస్తే 7 శాతమే. అంత ఖరీదు సరుకుని తీసుకెళ్లి పొయ్యిలో పోయడం దేనికో నాకర్థం కాదు. కార్లయితే చెప్పనే అక్కర్లేదు, బ్యాటరీ ఎప్పుడో గెలిచేసింది.

పైగా అది పేలే గ్యాసు. హైడ్రోజన్ ప్లాన్లన్నీ పాత గ్యాస్ కంపెనీలు తమ పైపులు కాపాడుకోవడానికి ఆడుతున్న నాటకం అని నా అభిప్రాయం.

రిఫార్మర్‌మామ:

పిల్లి గారూ, హీటింగ్, కార్ల సంగతిలో మీతో పేచీ లేదు. కానీ ‘పేలే గ్యాసు’ అని ఒక్క మాటలో కొట్టేస్తే ఎలా? వందేళ్లకు పైగా పరిశ్రమ దీన్ని వాడుతోంది. బయలు ప్రదేశంలో లీకైతే చాలా తేలిక కాబట్టి క్షణాల్లో పైకి పోతుంది, మూసిన గదిలో కప్పు కింద చేరితేనే అసలు ప్రమాదం. మమ్మల్ని భయపెట్టింది వేరే, దాని మంట పగటివెలుగులో కంటికి కనిపించదు. నేను చేరిన కొత్తలో మా సీనియర్ ఆపరేటర్ ఒకాయన కంప్రెసర్ షెడ్డు వైపు వెళ్తూ చీపురు ముందుకు చాచి నడిచేవాడు. నేను నవ్వాను. ఒకరోజు ఒక ఫ్లాంజ్ దగ్గర, అంటే పైపుల జాయింటు దగ్గర, ఆ చీపురు కొస ఉన్నట్టుండి దానంతటదే అంటుకుంది, అక్కడ మంట ఉందని అంతవరకు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత మళ్లీ నవ్వలేదు. ఇప్పుడు డిటెక్టర్లున్నాయి, కెమెరాలున్నాయి, కానీ ఇంట్లో వంట చేసుకునే మనిషి చేతికి ఇది ఇస్తారా అంటే నేనూ వద్దంటాను.

లీకు వల్ల ఇంకో నష్టం కూడా ఉంది, అది చాలామంది రాయరు. హైడ్రోజన్ స్వయంగా వేడిని పట్టదు గానీ గాలిలో మీథేన్‌ను కడిగే రసాయనాలను తినేస్తుంది, దాంతో మీథేన్ ఎక్కువకాలం ఉండిపోతుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 11, 12 రెట్ల ప్రభావం అంటున్నారు.

నాటకం అన్నారు కదా, కొంత ఉందేమో. కానీ ఎరువుల ప్లాంటులో హైడ్రోజన్‌ను కాల్చం, అది అణువులోకి వెళ్తుంది. అమ్మోనియాలో బరువు ప్రకారం 17.6 శాతం హైడ్రోజనే. అక్కడ బ్యాటరీ పెట్టి ఏం చేస్తారు? పది లక్షల టన్నుల అమ్మోనియాకు లక్షా డెబ్బై ఆరు వేల టన్నుల హైడ్రోజన్ కావాలి, రాయుడి లెక్కతో 970 కోట్ల యూనిట్లు, సోలార్ అయితే దాదాపు నాలుగున్నర గిగావాట్లు. ఒక్క పెద్ద ప్లాంటుకే అంత.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దీన్ని మీ ప్రెజెంటేషన్‌లో తప్పకుండా పెట్టండి చదువరి గారూ, ఆఫీసులో ఎవరికీ తెలిసుండదు. యూరియా చేయాలంటే అమ్మోనియాతోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పుడది రిఫార్మర్ నుంచే వస్తోంది, మేం విడదీసి పక్క ప్లాంటుకు పంపుతాం. హైడ్రోజన్ నీళ్ల నుంచి చేస్తే ఆ కార్బన్ డయాక్సైడ్ ఎక్కడి నుంచి తేవాలి? గ్రీన్ అమ్మోనియాతో యూరియా అనగానే ఈ ప్రశ్న వస్తుంది. అదే డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులైతే అమ్మోనియా చాలు, అదీ చాలాచోట్ల ఓడలో తెప్పించుకుని ట్యాంకులో నింపుకునేదే. ట్యాంకుకు ఆ అమ్మోనియా గ్యాస్‌దా ఎండదా అన్నది తెలియదు. మార్పు మొదలుపెట్టాలంటే దీనికంటే సులువైన చోటు లేదు.

చదువరి24:

మామ గారూ, యూరియా పాయింట్‌కి దండం. రాయుడు గారూ, నోట్ పెడతాను. ఇప్పుడు నాకొచ్చిన డౌటు కామర్స్ వాడి డౌటు. ఇంత ఖరీదైన సరుకు, పాతది చవగ్గా దొరుకుతుంటే, ఎవడు కొంటాడు? ప్రభుత్వాలు టార్గెట్లన్నీ తయారీ మీద రాశాయి, కొనుగోలు మీద దాదాపు ఏమీ రాయలేదు. లేక నేనే మిస్సయ్యానా?

టెండర్‌పురుగు:

మీరు మిస్సవలేదు, సరిగ్గా పుండు మీదే వేలు పెట్టారు. కాంట్రాక్టులు చదవడం నా ఉద్యోగం, అటు నుంచి చెప్తాను.

హైడ్రోజన్ ప్లాంటుకు అప్పివ్వాలంటే బ్యాంకు అడిగేది ఒకటే, పది పదిహేనేళ్లు నీ సరుకు కొంటానని రాసిచ్చినవాడెవడు? కొనేవాడేమో రేపు ధర తగ్గుతుంది కదా, నేనెందుకు ఇప్పుడు ఇరుక్కోవాలి అంటాడు. ఈ ముడి విప్పడానికి తలా ఒక పద్ధతి పట్టుకున్నారు.

బ్రిటన్ పద్ధతి తేడా చెల్లించడం. తయారుచేసేవాడికి ఒక ధర ఖాయం చేస్తారు, కొనేవాడు సహజవాయువు ధరకు దగ్గరగా ఇస్తాడు, మధ్యలో తేడా పదిహేనేళ్లపాటు ప్రభుత్వ మద్దతు. 2023 డిసెంబరులో మొదటి రౌండులో 11 ప్రాజెక్టులు ఎంచారు, అన్నీ కలిపి 125 మెగావాట్లు, సగటు ధర మెగావాట్ అవర్‌కు 241 పౌండ్లు. మీకర్థమయ్యేలా కిలోకు మారిస్తే దాదాపు తొమ్మిదిన్నర పౌండ్లు. ఆ 125ని 10 గిగావాట్ల పక్కన పెట్టి చూడండి, ఎనభయ్యో వంతు. 2030 ఎంతో దూరం లేదు.

అమెరికా పన్ను రాయితీ ఇచ్చింది, తయారుచేసిన ప్రతి కిలోకూ. డబ్బు బాగుంది గానీ రూల్స్ ఖరారు కావడానికి 2025 జనవరి వచ్చింది, ఆ జులైలోనే కొత్త చట్టం గడువును కుదించేసింది. ముందు 2032 చివరిలోగా పని మొదలుపెడితే చాలన్నది 2027 చివరికి వచ్చింది. పదిహేనేళ్ల ప్లాంటు కట్టేవాడు ఇలాంటివి చూసే చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

యూరప్ రాయితీలతోపాటు బలవంతం కూడా పెట్టింది. పరిశ్రమలు వాడే హైడ్రోజన్‌లో 2030కి 42 శాతం, 2035కి 60 శాతం పునరుత్పాదకంగా చేసినదై ఉండాలని. కాగితం మీద గట్టిదే. కానీ 2024 జులైలో వాళ్ల సొంత ఆడిట్ సంస్థే ఆ కోటి ప్లస్ కోటి టన్నుల టార్గెట్ వాస్తవానికి దగ్గరగా లేదని, గట్టి విశ్లేషణ మీద కాక రాజకీయ సంకల్పం మీద పెట్టిందని తేల్చింది. ఉక్కులో చూడండి, టన్నుకు 50, 60 కిలోల హైడ్రోజన్‌తో ఇనుప ఖనిజాన్ని కరగించకుండానే ఇనుము చేయొచ్చని స్వీడన్‌లో హైబ్రిట్ ప్రాజెక్టు 2021లోనే చేసి చూపించింది. కానీ 2025 జూన్‌లో ఆర్సెలార్‌మిట్టల్ జర్మనీలో 130 కోట్ల యూరోల ప్రభుత్వ సాయం చేతిలో ఉండగా కూడా ఆ బాటలో ప్లాంట్లు కట్టనంది. టెక్నాలజీ లేక కాదు, లెక్క కుదరక.

జర్మనీ వాళ్లది నాకు నచ్చిన పద్ధతి. మధ్యవర్తి సంస్థను పెట్టి, అటు తయారీదారు దగ్గర దీర్ఘకాలానికి ఎక్కువ ధరకు కొనిపిస్తారు, ఇటు వాడేవాడికి కొద్దికాలం కాంట్రాక్టుల్లో తక్కువకు వేలం వేస్తారు, నష్టం ప్రభుత్వానిది. 2024లో మొదటి అమ్మోనియా వేలంలో చేరవేతతో సహా టన్ను 1,000 యూరోలకు వచ్చింది. కనీసం ఒక నిజమైన ధర బయటపడింది, అంతవరకు అందరూ కన్సల్టెంట్ల గ్రాఫులు చూసి వాదించుకునేవాళ్లు.

భారత్ మొదట తయారీ వైపే మొదలుపెట్టింది. మిషన్ డబ్బులో 17,490 కోట్లు ఎలక్ట్రోలైజర్ల తయారీకీ హైడ్రోజన్ ఉత్పత్తికీ ప్రోత్సాహకాలే. ఉత్పత్తికి మొదటి విడతలో కిలోకు మొదటి ఏడాది గరిష్ఠంగా 50 రూపాయలు, రెండో ఏడాది 40, మూడో ఏడాది 30. అంతే, మూడేళ్లు. బ్రిటన్ పదిహేనేళ్ల పక్కన ఇది చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ 2025లో సెకీ (కేంద్ర ప్రభుత్వ సోలార్ కార్పొరేషన్) చేసిన పని ఆ డబ్బు కన్నా ముఖ్యమని నేననుకుంటాను. 13 ఎరువుల ప్లాంట్లకు కావాల్సిన గ్రీన్ అమ్మోనియా, ఏడాదికి 7.24 లక్షల టన్నులు, గుత్తగా కలిపి పదేళ్ల కాంట్రాక్టుకు వేలం పెట్టింది. మొదటి వేలంలోనే కిలో 55.75 రూపాయలకు వచ్చింది. మామ గారు చెప్పిన ట్యాంకులే ఇవి ఎక్కువగా, యూరియా జోలికి పోకుండా ముందు అమ్మోనియా కొనుక్కునేవాళ్లను పట్టుకున్నారు. వేలంలో పలికిన ధరకు ప్లాంటు నిజంగా లేచి నిలబడుతుందా అన్నది చూడాలి. తక్కువకు కోట్ చేసి తర్వాత చేతులెత్తేసిన టెండర్లు నేను చాలానే చూశాను. అయినా ముందు కొనేవాడిని కూర్చోబెట్టారు, నాకు అది చాలు.

గోడమీదపిల్లి:

ఓకే, ఎరువుల వరకు ఒప్పుకుంటున్నా. లారీల మీద మాత్రం నా మాట అదే. ఉక్కు సిలిండర్లు నింపిన పెద్ద ట్రెయిలర్ ఒకటి మోసుకొచ్చే హైడ్రోజన్ మూడొందల కిలోల చుట్టూ, ట్రక్కు బరువేమో నలభై టన్నులు. మోసేది సిలిండర్నా సరుకునా?

రిఫార్మర్‌మామ:

సిలిండర్నే 😀 అందుకే చేసినచోటే వాడాలి, లేదా అమ్మోనియాగా మార్చి ఓడెక్కించాలి. మళ్లీ దాన్ని విడగొట్టి హైడ్రోజన్ తీస్తాం అనే ప్లాన్లు కూడా చూశాను, ఆ దారిలో పోయే శక్తిని రాయుడు లెక్కేస్తే మీరు ఇంకా గట్టిగా అరుస్తారు.

చదువరి24:

అందరికీ థాంక్స్. నా స్లైడుల ఆర్డర్ మొత్తం తిరగేశాను. మొదట టార్గెట్లు, చివర వాడకం అని పెట్టుకున్నా. ఇప్పుడు మొదటి స్లైడు ‘ఇప్పటికే ఎవరు వాడుతున్నారు’, రెండోది ‘తక్కువకు హద్దు ఎక్కడ’, తర్వాత ‘ఎవరు కొంటామన్నారు’, టార్గెట్లన్నీ ఒక్క స్లైడులోకి తోసేశాను. హీటింగ్‌కి ఒక్క లైను, పిల్లి గారి సామెత పెట్టాలని ఉంది గానీ మా బాస్ ఒప్పుకోడు.

చివరగా ఒక్కటే. నీళ్లు? కిలోకి ఎన్ని లీటర్లు కావాలో ఒక్కో చోట ఒక్కో అంకె ఉంది, 9 అని ఒకరు, 30 అని ఒకరు. ఎవరైనా సభలో లేచి ‘తాగడానికి నీళ్లు లేవు, హైడ్రోజనా’ అంటే ఏం చెప్పాలి?

లెక్కలరాయుడు:

రెండూ కరెక్టే. రసాయనం ప్రకారం కిలోకు 9 లీటర్లు. శుద్ధి చేసేటప్పుడు వదిలేసేది, మెషీన్ చల్లబరచడానికి వాడేది కలిపితే 20, 30 దాకా పోతుంది. సముద్రపు నీటిని శుద్ధి చేయడానికి వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్లు పడుతుంది, అంటే 30 లీటర్లకు యూనిట్‌లో పదో వంతు చిల్లర. 55 యూనిట్ల పక్కన అదసలు కనిపించదు. కాబట్టి తీరంలో ప్లాంటైతే నీళ్లు ధర సమస్య కాదు. లోపలి ఎడారిలో, ఎండ బాగుందని అక్కడే పెడితే మాత్రం ఆ లేచి అడిగినాయన అడిగింది సరైన ప్రశ్నే, ప్లాంటు ఎక్కడో ముందు అడిగి అప్పుడు జవాబు చెప్పండి.

రిఫార్మర్‌మామ:

ప్రెజెంటేషన్ అయ్యాక ఏమన్నారో ఇక్కడ రాయండి. యూరియా స్లైడు ముందే పంపితే చూసిపెడతాను, ఈ వారం నైట్ షిఫ్టే.